సర్కారు గంట

అమలాపురం, 1988 వేసవి, పగలు పదకొండు గంటలు. మెయిన్ రోడ్డు మీద కంప్యూటర్ జాతక కేంద్రం. వచ్చిన ఇద్దరు పెద్దల్లో ఒకాయన కుర్చీని వీధి వైపు తిప్పుకుని కూచున్నారు.

"ఇటు తిరిగి మాట్లాడండి మావయ్యగారూ. నేను మాట్లాడుతుంటే మీరు రోడ్డు మీద సైకిళ్లు లెక్కపెడితే ఎలా?"

"నాకిలా బాగానే వినిపిస్తోంది."

"వినిపిస్తుంది. చూడ్డానికే కదా మీకు భయం. శరభయ్యగారూ, మీరైనా ఫ్యాను కిందకి రండి. నా ముఖం చూస్తే మీకేం కాదుగా?"

"నాకేం అవుతుంది అచ్యుతం, నేను నీకు మేనమామని కాదుగా. ఆలమూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చేం. ముందు కాసిని మంచినీళ్లు ఇప్పించు. వీడు దారంతా నోరు విప్పలేదు."

"విప్పడానికే వచ్చేను. అచ్యుతరామయ్యా, బయట ఆ బోర్డు తీయించు."

"ఏ బోర్డు?"

"యుద్ధకాలంలో పుట్టినవారి జాతకాలు సరిచేయబడును అని రాయించేవే, అది. సరిచెయ్యడానికి నువ్వెవడివి? కాలేజీలో లెక్కలు చెప్పుకునేవాడివి, ఆ పనేదో చూసుకో."

"సరిచేసింది నేను కాదు. ఇదిగో, ఈ ఫ్లాపీ. అటు తిరిగి కూచుంటే ఏం కనపడుతుంది లెండి. యుద్ధం రోజుల్లో సర్కారు వాళ్లు దేశంలో గడియారాలన్నీ ఒక గంట ముందుకి తిప్పించేరు. నలభై రెండు సెప్టెంబరు నుంచి నలభై అయిదు అక్టోబరు దాకా. ఆ సంగతి ఈ కంప్యూటరుకి తెలీదు. ప్రోగ్రాం రాసిన హైదరాబాదు వాళ్లకీ తెలీదు. రైల్వేలో చేసిన మాణిక్యాలరావుగారని, వాళ్లమ్మాయి జాతకం కోసం వచ్చి, యుద్ధం గంట తీసేశారా అని అడిగేరు. నేను తెల్లమొహం వేసేను. నాలుగు ఉత్తరాలు రాస్తే, ప్రోగ్రాం మార్చి మొన్న పంపేరు. కంప్యూటరుకి తెలీకపోయిందంటే సరే, అది నిన్నగాక మొన్న పుట్టింది. మీకేమైంది? మీరు సిద్ధాంతి, పైగా ఆ రోజుల్లో బతికే ఉన్నారు కదా."

"మర్యాదగా మాట్లాడు."

"మర్యాదగానే చెప్తున్నాను. ఈ ఫ్లాపీ వేసి మొట్టమొదట తీసింది నా జాతకమే. నేను పుట్టిన టైము చీటీ మీద పదకొండు ఇరవై. గంట తీసేస్తే పది ఇరవై. ఆ రోజు పది యాభై దాకా కృత్తిక. ఆ తరవాతే రోహిణి. నాది రోహిణి కాదు మావయ్యగారూ. మేనమామకి గండం లేదు. మీరు నా ముఖం చూడకూడదన్నదీ లేదు."

"చీటీ అంటే ఆ కాకినాడ ఆసుపత్రిలో..."

"నువ్వుండు శరభయ్యా."

"కాదురా, ఆ చీటీ రాసింది..."

"నీళ్లొచ్చేయి, తాగు. అచ్యుతం, ఆ చీటీ ఎవరి దగ్గరుంది?"

"అమ్మ దాచింది. పెన్సిలుతో వేసిన అంకెలు, అంతే. ఏ నర్సో ఆసుపత్రి గడియారం చూసి వేసుంటుంది. ఆసుపత్రి గడియారం అంటే సర్కారు గంట. ఇంత చిన్న సంగతి మీకు తట్టలేదు. ఆలమూరు చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ మీ నోటి మీదే నడిచేయి."

"మీ లెక్క తప్పి నన్ను హంతకుణ్ణి చేసేరు అని ఉత్తరం రాసేవు. అలా రాయడానికి చెయ్యెలా వచ్చింది నీకు?"

"తక్కువే రాసేను. పెద్దమావయ్య ఆసుపత్రికి వచ్చి నన్ను ఎత్తుకున్నారు. పదకొండో రోజున పోయేరు. టైఫాయిడ్ అని డాక్టరు చెప్పేడు. మీరు పంచాంగం తీసి రోహిణి అన్నారు. అంతే, టైఫాయిడ్ నిర్దోషి అయిపోయింది. ఖూనీకోరుని నేను."

"ఆ మాట నేననలేదు."

"అనక్కర్లేదు. రోహిణి అయినా శాంతి చేయించి, నూనెలో నీడ చూసి, అప్పుడు ముఖం చూడొచ్చు అంటారు. పెద్దమావయ్య పోయేరని ఆ శాంతి కూడా వద్దన్నారు. ఉన్న ఒక్క కొడుకైనా దక్కాలని, నా ముఖం చూడనని అమ్మమ్మ మీ చేత ఒట్టు వేయించుకుంది. అమ్మమ్మని నేనేం అనను. ఆవిడ పోయిన రోజు మాత్రం గుర్తుందా మీకు?"

"ఉంది."

"నాకు ఎనిమిదేళ్లు. గుమ్మం దగ్గరికి ఎవరో వచ్చి, తల్లిని రమ్మన్నారు, పిల్లాణ్ణి బండిలోనే ఉంచమన్నారు అని చెప్పేరు. అమ్మ లోపలికి రాలేదు. నా చెయ్యి పట్టుకుని వీధిలో నిలబడి, కన్నతల్లిని వీధిలోంచే సాగనంపింది. మళ్లీ మీ ఊరు రాలేదు."

"కిటికీలోంచి చూసేను."

"నన్నా?"

"మీ అమ్మని. నువ్వు ఆవిడ కొంగు వెనకాల ఉన్నావు. చొక్కా చెయ్యొక్కటే కనపడింది. పసుప్పచ్చ చొక్కా."

"ఆ వేళ బండి దగ్గరికి కొబ్బరి బొండాలు పంపింది వీడేరా అచ్యుతం. ఎండలో పిల్లాడున్నాడని, నా చేత పంపించేడు."

"మీరే ఇచ్చేరనుకున్నాం శరభయ్యగారూ. అయితే ఏమిటట? బొండాం తాగించి ఖూనీకోరన్నా ఫరవాలేదా?"

"అచ్యుతం, ఈ కృత్తిక సంగతి మీ అమ్మకి చెప్పేవా?"

"చెప్పేను. కాగితం చూపించేను."

"ఏమంది?"

"ఏదో అంది. దాంతో మీకేం పని?"

"సుందరి ఏమందిరా?"

"నమ్మలేదు. మిషనుకేం తెలుసు, అన్నయ్య చెప్పాలి అంది. మంచం దిగట్లేదు మావయ్యగారూ. ఇప్పటికీ పెద్దమావయ్య తద్దినం నాడు ఉపవాసం ఉంటుంది. ఆ రోజు నాకు తనే వడ్డిస్తుంది, వడ్డించి అవతల గదిలోకి పోతుంది. నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. కానీ నా తల నిమరబోయినప్పుడల్లా ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆగి, అప్పుడు నిమురుతుంది. నలభై అయిదేళ్ల బట్టి అంతే. మీ బోర్డు గోల మీది. నాకు ఆ ఆగడం పోవాలి. అది ఏ ఫ్లాపీ వేసినా పోవట్లేదు."

"మంచం దిగట్లేదా సుందరి?"

"దిగట్లేదన్నానుగా. మీ పరువు పోతుందని కదా వచ్చేరు. ఆ పరువు గురించే మాట్లాడండి."

"నీ లెక్క సరైనదే."

"ఏమిటీ?"

"గంట తియ్యడం మర్చిపోయేను. అన్నయ్య పోయిన కంగారు. చీటీ చూసేను, పదకొండు ఇరవై అని ఉంది, రోహిణి అనేసేను."

"మర్చిపోయేరు. బస్సులో గొడుగు మర్చిపోయినట్టు."

"ఆ."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఇప్పుడే. నువ్వు చెప్తే."

"అబద్ధం. ఎప్పుడో తెలుసు మీకు. తెలిసే దాచేరు. తప్పు ఒప్పుకుంటే సిద్ధాంతిగారి పేరు పోతుందని మా అమ్మ బతుకు వీధిలో నిలబెట్టేరు."

"అలాగే అనుకో."

"అనుకో అంటే సరిపోతుందా? తిట్టడానికి కూడా నాకేం మిగల్చరా?"

"తిట్టు. తిడుతూనే ఆ కాగితం మళ్లీ కొట్టించు. అడుగున, కృత్తికా నక్షత్రం, పొరపాటు నాది అని రాసి సంతకం పెడతాను. అది తీసుకుని ఈ పూటే సుందరి దగ్గరికి వెళ్దాం. నేనే చెప్తాను దానికి."

"బోర్డు?"

"ఉండనీ. ఎవరైనా అడిగితే గౌరీశంకరం సిద్ధాంతి గంట తప్పేడని చెప్పు."

"ఒరే గౌరీశంకరం..."

"నిన్నెవరూ అడగలేదు శరభయ్యా."

"అంతా బాగానే ఉంది మావయ్యగారూ. కృత్తిక అని ఒప్పుకున్నారు. ఒప్పుకుని ఇంకా వీధి వైపే చూస్తున్నారు. ఇలాగే వెళ్లి అమ్మకి చెప్తారా? ఎలా నమ్ముతుంది? నేనే నమ్మను."

"ఈ కుర్చీ బరువుగా ఉంది. శరభయ్యా, ఒక చెయ్యి వెయ్యి."

"ఒద్దురా."

"పట్టమన్నానా. ఆ, చాలు. కళ్లజోడు ఏదీ... ఇక్కడే ఉంది."

"ఏం చూస్తున్నారు అలా?"

"ఏం లేదు. ముక్కు మా అన్నయ్యది. చెవులు సుందరివి. జుట్టు అప్పుడే నెరిసిపోయిందేంరా నీకు?"

"నలభై అయిదేళ్లు నాకు. మీకు ఇంకా ఎనిమిదేళ్ల చొక్కానే గుర్తుంది. నా కోపం తగ్గిందనుకోకండి."

"తగ్గక్కర్లేదు. వెళ్లి కాగితం కొట్టించు."

"లోపలి గదిలో ఉంది ప్రింటరు. పది నిమిషాలు పడుతుంది. మీరు మళ్లీ వీధి వైపు తిరక్కండి."

"తిరగను."

"గౌరీశంకరం..."

"వెళ్లేడా?"

"వెళ్లేడు. ప్రింటరు గోలలో మన మాట వినపడదులే. ఏం పని చేసేవురా ఇది? ఆ చీటీ ఏ నర్సూ రాయలేదు. ఆసుపత్రి వరండాలో నా పక్కన కూచుని, నీ జేబు గడియారం చూసి నువ్వు రాసేవు. దేశమంతా తిప్పుకున్నా నువ్వు ఆ మూడేళ్లూ దాన్ని తిప్పలేదు. నా సంధ్యకి సర్కారు గంటెందుకు అన్నావు. బయటి నుంచి వచ్చిన ప్రతి జాతకానికీ గుర్తుపెట్టుకుని గంట తీసి వేసినవాడివి, మేనల్లుడి దగ్గర మర్చిపోయేనని చెప్తావా? పదకొండు ఇరవై అంటే పదకొండు ఇరవయ్యే. వాడిది రోహిణే."

"తెలుసు."

"తెలిసి వాడి ముఖంలోకి చూసేవా? ఏమైనా అయితే?"

"డెబ్బై రెండేళ్లు నాకు. ఆ గండం ఇప్పుడొచ్చి ఏం పట్టుకుపోతుంది? పట్టుకుపోయినా, వాడిది రోహిణి అని నీకు తప్ప ఇంకెవరికీ తెలీదు. నువ్వు చెప్పవు."

"నేను చెప్పను. నువ్వెలా చెప్తావురా సుందరికి? ఏనాడూ గడియారం ముల్లు తిప్పనివాడివి."

"తిప్పేను శరభయ్యా. ఇప్పుడే తిప్పేను."