ఎర్రచుక్క కుదురుకునే వేళ

అది 1979 ఎండాకాలం. మదనపల్లె దగ్గరి గుట్ట మీద పెట్టిన లేజర్ వెలుగు, శనక్కాయలు పీకేసిన చేల మీదుగా అరమైలు వచ్చి, పుంగనూరు రోడ్డు పక్కన పాతిన తెల్లపలక మీద పడుతోంది. మూడు రోజులుగా ఆ ఎర్రచుక్క వణుకుతూనే ఉంది. దూరాన వెలుగు ఎంత నిలకడగా ఉంటుందో పరీక్షించడానికి బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు, పలక దగ్గర తల పట్టుకుని కూర్చున్నాడు. అక్కడే గొర్రెలు మేపే గంగులయ్య వచ్చి అతని పక్కన చేరాడు.

"మిషను చెడిపోయింది గంగులయ్యా. రేపు సర్దుకుని పోతాను."

"మిషను బాగానే ఉండాది సారూ. నేల కాగినాక గాలి కుదురుగా ఉంటాదా? మద్దేనం ఆ రోడ్డు సూడు, మనుసులు నీళ్లలో మాదిరి ఊగతా వస్తారు. పొద్దు వాలేటప్పుడు నేల కాకా గాలి కాకా ఒకటైతాది. అప్పుడు నీ సుక్క కదల్దు."

"నీకెలా తెలుసు?"

"నా పెండ్లాం అలిగి పుట్టింటికి పోయి నాలుగు నెలలాయ. దినామూ ఈ రోడ్డే సూస్తాండాను. మద్దేనం వచ్చే ప్రతి ఆడమనిసీ ఆమె మాదిరే కనపడతాది. లేసి నిలబడతా. దగ్గరికొస్తే ఇంకెవురో."

పొద్దు వాలింది. పలక మీద చుక్క బొట్టు పెట్టినట్టు నిలిచింది.

"నిలిచింది గంగులయ్యా! ఇటు చూడు!"

గంగులయ్య రోడ్డు వైపే చూస్తున్నాడు.

"ఇప్పుడు తేటగా కనపడతాది సారూ, ఎవురూ రాలేదని."