మద్దిలేటి పిలిచిన పిలుపు

మద్దిలేటి అని ఒకడుండె, నక్కల్ని కొట్టేటోడు. వాని గొంతులో పలకని జీవం లేదు, నమ్ము. కుందేలు ముల్లకంపలో చిక్కుకోని కీచుమంటే ఎట్లుంటాదో అట్ల అంటాడు, ఆడనక్క మొగనక్కను పిలిచినట్ల కూస్తాడు, మేకపిల్ల తల్లి కోసరం అరిసినట్ల అరుస్తాడు. ఒకసారి చెవిన పడితే సాలు, ఆ గొంతు వానిదేనంట. తుప్ప ఎనక కూసోని పిలుస్తాడు, నక్క నమ్మి వస్తాది, బడితెతో ఒక్కటేస్తాడు. అంతే పని. అయితే వాళ్ళ గుడిసెల్లో ఒక కట్టుబాటుండె. పిలిచేటోడు పిలుస్తాంటే ఇంట్లోవాళ్ళు ఎవరూ బయట అడుగు పెట్టగూడదు. ఎందుకంటావా? చలికాలం మంచులో ఏది కదిలినా నక్కే అనుకోని కొడతాడు కదప్పా! మాటలు రాని పిల్లోల్లకు గూడా తెలుసు ఆ సంగతి.

వాని పెండ్లాము సుంకులమ్మ. ఆ యేడు కార్తీకంలో వాళ్ళ బిడ్డ పోయె. తొలిచూలు మొగపిల్లోడు, ఇంకా పేరు గూడా పెట్టలా. జరమొచ్చి పోయె. అప్పట్నుంచి ఆ యమ్మ ఏడిస్తే ఒట్టు. ఒక్క చుక్క రాలా. మాట లేదు, పలుకు లేదు. సంగటి ముద్ద ముందర పెడితే అది అట్లే ఎండిపోయేదంట. అత్త ఓబులమ్మ, అంటే మద్దిలేటి తల్లి, "రే అబ్బీ, ఇది ఏడ్సకపోతే బతకదురా, అంతా కడుపులోనే పెట్టుకోనుండాది" అని మొత్తుకుంటాండె. వాడేం చేస్తాడు పాపం? పెండ్లాన్ని కొట్టి ఏడిపిస్తాడా?

పుష్యమాసమొచ్చె. మంచంటే మంచు కాదు, మన చెయ్యి మనకు కనపడదనుకో. గొర్రెలోళ్ళు వచ్చి, నక్కలు గొర్రెపిల్లల్ని ఎత్తకపోతాండాయి, నువ్వు కొట్టినావంటే ఇంటికింత జొన్నలు పోస్తాం అన్నారంట. ఇంట్లో గింజ లేదు. సరే అని తెల్లారేటప్పుడు గుడిసెలకు అవతల మిట్ట కాడ కూసున్నాడు. నక్క కూత కూసినాడు, రాలా. కుందేలు మాదిరి కీచుమన్నాడు, రాలా. మేకపిల్ల అరుపు అరిసినాడు, అదీ రాలా. దెబ్బలు తిని తిని తెలివి మీరినాయి ముండలు! అప్పుడేమైందంటే, వానికొక పాడు ఆలోచన వచ్చె. వాని చెవిలో ఇంకొక ఏడుపుండాది కదా. ఛీ, వద్దు అనుకున్నాడంట. మళ్ళా జొన్నలు మతికొచ్చె. మళ్ళా ఛీ అనుకున్నాడు. ఆఖరికి కండ్లు మూసుకోని, ఆకలైతే వాని బిడ్డ ఎట్ల ఏడ్చేదో అట్లే ఏడ్చినాడు. ఎక్కిళ్ళతో సహా.

రోంతసేపుండి మంచులో ఏందో కదిలె. వంగి వంగి, తడుముకుంటా తడుముకుంటా వస్తాండాది. నక్కే! బడితె ఎత్తినాడు. కొట్టబోతాండాడు, అంతలోకే ఆ కదిలేది మాట్లాడె. "వస్తాండా నాయనా, వస్తాండా, ఏడవాకు" అనె. వాని బడితె యాడ పడిందో వానికే తెలీదు. సుంకులమ్మ! కట్టుబాటు తెలీని మనిషా? తెలిసే వచ్చె. రైక ముందర అంతా తడిసిపోయుండాదంట. పాలమ్మా, పాలు. ఎండిపోయినాయనుకున్న పాలు.

"బిడ్డ ఏడీ?" అనె. "బిడ్డ కాదే, నేనే. నక్కల కోసరం అరిసినా" అని తల దించుకున్నాడు. తిడతాది, మన్నెత్తి మొగాన కొడతాది అనుకున్నాడు. ఆ యమ్మ వాని పక్కన కూలబడి, "ఇంకొకసారి అను" అనె. "నా చేత కాదే." "అను" అనె ఆ యమ్మ మళ్ళా. సరే అని ఎత్తుకున్నాడు. సగానికొచ్చేసరికి అది బిడ్డ ఏడుపు కాదు, వాని ఏడుపే. అప్పుడు ఏడ్చింది సుంకులమ్మ. గుండెలు బాదుకోని, నేల మీద పొర్లి, అన్ని దినాల ఏడుపూ ఏడ్చింది.

నక్కలా? వచ్చినాయిరా, ఎందుకు రావు? ఇద్దరు అట్ల ఏడుస్తాంటే అంత దూరంలో నిలబడి సూసి, వాటి దావన అవి పోయినాయంట. "ఏం మద్దిలేటీ, గొంతు పోయిందా?" అని గొర్రెలోళ్ళు ఎగతాళి చేస్తే "పోయింది" అన్నాడంట వాడు. జొన్నలు లేవు, ఏం లేవు. మళ్ళా ఎన్ని గొర్రెపిల్లలు పోయినాయో నన్నడగాకండి, నాకు గొర్రెలు లేవు. ఆ పొద్దు మాత్రం ఇంటికొచ్చి సుంకులమ్మ కాళ్ళు కడుక్కోని కూసుండి, "అత్తా, ఆకలైతాంది, ఉన్నది పెట్టు" అనిందంట. ఆ ముసిలామె పొయ్యి కాడ కొంగు నోట్లో కుక్కుకోని, గిన్నె అడుగు గీకి పెట్టిందంట.