దించిన కారు, మోసిన ఊరు

ముంచింగిపుట్టు సంతకి కాలినడకన దిగే కొండ ఊరు కొర్రగెడ్డ. ఉదయం పదిన్నర. బడి ముందర ఎర్రటి కారు ఒకటి నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున ఆగి ఉంది. దాని చుట్టూ ముగ్గురు: వార్డు మెంబరు సోములమ్మ, ఆమె మేనల్లుడు సోంబరు, కారు తాలూకు కుర్రాడు మణిదీప్.

"మా రోడ్డుని సంపీసినావు కదరా గుంటడా! నాలుగేళ్ళు ఆఫీసుల సుట్టూ తిరిగి ఇంతవరకూ ఈడ్సుకొచ్చినాను. ఒక్క పొద్దుట్లో సంపీసినావు! నువ్వూ, ఈ సోంబరూ, ఈ ఊల్లో మగాలందరూనూ!"

"నేనేటి చేశానమ్మా? ఇక్కడ రోడ్డే లేదు కదా. లేనిదాన్ని ఎలా చంపుతాను?"

"అదీ! ఆ మాట నీకు బాగా తెలిసింది. రోడ్డు నేదని తెలిసినోడివి ఇక్కడిదాకా ఎలాగొచ్చినావు?"

"మీవోళ్ళే తెచ్చారు."

"సోంబరూ! ఇలా రా. కారెనకాల దాక్కోకు."

"దాక్కోనేదత్తా. టైరు సూత్తన్నాను. ఇంత సన్నం టైరు నానెక్కడా సూడనేదు. ఇనుముకి నల్ల రంగు పూసినట్టుంది."

"లో ప్రొఫైల్ అంటారన్నా దాన్ని. అల్లాయ్ వీల్స్ పద్దెనిమిది ఇంచులు. కంపెనీవోడు పదిహేను ఇస్తాడు."

"సక్రం పెద్దది సేసి, కారుని పొట్టి సేసినావా తమ్ముడూ? ఏల?"

"లుక్కన్నా! ముందు బండి కిందికి దిగేలా స్ప్రింగులు మార్పించాను. చాల్లేదనిపించింది. ఇంకో రెండు చుట్లు కోయించాను. చక్రం రాసుకుంటోందని పైన మడ్‌గార్డు రెక్క లోపలి అంచుని సుత్తితో మడత పెట్టించాను. విజయనగరంలో ఇంత కిందికి ఉన్న బండి ఇదొక్కటే."

"బాగున్న కారుకి కాళ్ళు నరికించి కొండెక్కినావా? సాలు, మీ ఇద్దరి టైరు కబుర్లు ఆపండి. సోంబరూ, ఈ కారుని ఎత్తమని మీకెవుడు సెప్పినాడు?"

"ఎవుడూ సెప్పనేదత్తా. కింద గెడ్డ కాడ, వాగు దాటే సోట, దీని కడుపు రాయి మీద కూకుండిపోనాది. ఈ తమ్ముడు తల పట్టుకుని ఇంకో రాయి మీద కూకున్నాడు. మేం పద్దెనిమిది మందిమి కాఫీ తోటలకి ఎల్తన్నాం. ఆగిపోయినోడు కనబడితే సెయ్యెయ్యకుండా ఎలాగెల్తాం?"

"సెయ్యెయ్యి. ఎవుడొద్దన్నాడు? ఎత్తి ఎనక్కి తిప్పి పంపాల. ముందుకేల తెచ్చినారు?"

"ఎత్తినాక అడిగినాం, ఎటు దించమంటావని. ముందుకన్నాడు. ఎల్లేవోడు ఎటంటే అటే కదా?"

"ఎన్నిసార్లు ఎత్తినారు?"

"గెడ్డ కాడ ఒకటి. బండరాయి మలుపు కాడ ఒకటి. పనసచెట్టు కాడ రెండు..."

"ఒక్కచోటే రెండా?"

"ఒకసారి ఎత్తి దించితే అటుపక్కది ఇరుక్కుంది. మల్లీ ఎత్తినాం. ఆ పైన ఇంకో మూడు. ఆఖరుసారి విసుగొచ్చి, దించి ఎత్తడం ఏల అని బడి దాకా మోసుకొచ్చీసినాం. రెండు దుంగలు కిందేసి, నొప్పులొచ్చినోల్ని డోలీలో మోసినట్టే. ఇదే నయం. మూలగదు."

"ఏడుసార్లు! ఓలమ్మో!"

"అమ్మా, కోప్పడకండి. నాది తప్పే. పైన మేఘాలు కనబడే చోటు ఉందని విన్నాను. బండి పక్కన నిలబడి షూట్ చేసుకుందామని వచ్చాను. ఫోన్లో ఇక్కడికి రోడ్డు చూపించింది."

"ఫోన్లో ఏసినోడెవుడో ఇక్కడ ఎయ్యడం మరిసిపోనాడు. ఒరే, ఈ దినం ఎవుడొత్తన్నాడో తెలుసా? రోడ్ల ఇంజినీరు. మా ఊరికి బండి ఎల్తాదా ఎల్దా అని కళ్ళతో సూసి కాయితం రాత్తాడు. ఎల్దని రాత్తే రోడ్డు జాబితాలో మా ఊరుంటాది. ఎల్తాదని రాత్తే కొట్టీత్తారు. మా కోడలు గాయత్రికి తొమ్మిదో నెల. కారు బడి ముందర పెట్టుకుని, మాకు బండి రాదయ్యా అంటే నమ్ముతాడా?"

"అయితే దాచేద్దామమ్మా."

"ఎక్కడ?"

"గడ్డి కప్పేద్దాం."

"ఎర్రగా అంత పొడుగు గడ్డిమోపా? పైగా దాని కళ్ళు ఎలుగుతన్నాయి. ఆపు ముందు!"

"అవి డే లైట్లమ్మా. వాటంతటవే వెలుగుతాయి."

"అత్తా, మల్లీ మోసి కిందకి దించీద్దుమా?"

"మోసేవోలేరీ? నీ పదిహేడు మందీ తోటల్లోకి ఎల్లిపోనారు. ఇదో బాబూ, నా మాట ఇను. ఒక్కటే దారి. ఇంజినీరు అడిగితే నిజం సెప్పు. ఈలు మోసి తెచ్చినారండీ, సక్రం దానంతటది తిరగనేదండీ, అను. సాలు."

"అంటే... చెప్పొచ్చు."

"సెప్పొచ్చు ఏటి? సెప్తావా?"

"అంటే, ఒక చిన్న విషయం. నేను ఇందాకే వీడియో పెట్టేశాను."

"ఏటని?"

"దించిన బండితో కొండెక్కాను, ఎవరికైనా దమ్ముంటే రండి, అని."

"మోసినోలు కనబడతారా అందులో?"

"కట్ చేశాను."

"పద్దెనిమిది మందినా?"

"ఒక్క చెయ్యి ఉండిపోయింది. చెట్టు కొమ్మలా ఉంది, ఎవడూ పట్టుకోలేడు."

"అది నా సెయ్యే అయ్యుంటాది తమ్ముడూ. అత్తా, అత్తా! ఒచ్చీసినాడు. అడుగో, నడిసే ఒత్తన్నాడు. బూట్లు సేత్తో పట్టుకున్నాడు."

"అమ్మయ్య... సోములమ్మగారూ... కాసిని మంచినీళ్ళు ఇప్పించండి."

"తాగండి వెంకటరమణ బాబూ. మోటారుసైకిలు మీద బయల్దేరినారని కబురొచ్చిందే? ఏదీ?"

"గెడ్డ దగ్గర పెట్టాను. అబ్బబ్బ, ఏం రాళ్ళమ్మా అవి... అరే! కారు!"

"కారే బాబూ. దాని సంగతి సెప్తాను, ముందు కూకోండి..."

"ఉండండి, ఉండండి. ఎవరిదిది? నీదేనా బాబూ? పైకి ఎలా వచ్చావు?"

"నేనా సార్? నేను..."

"సెప్పు బాబూ. బయపడకు. ఎలాగొచ్చినావో సెప్పు."

"డ్రైవ్ చేసుకుని వచ్చాను సార్."

"ఓరి నీ నోట్లో మట్టి!"

"మెంబరుగారూ, కుర్రాణ్ణి తిట్టకండి. నిజం చెప్పాడు. చూడండి, దీని కింద చెప్పు కూడా దూరదు. ఇదే వచ్చిందంటే జీపు రాదా? అంబులెన్సు రాదా? మీరేమో నాలుగేళ్ళుగా మాకు చక్రం రాదు, చక్రం రాదు అని అర్జీలు. బాబూ, బడి బోర్డు పడేలా నిలబడు. ఫోటో తీస్తాను. కాస్త నవ్వు."

"బాబుగోరూ, ఒక్క మాట. రోడ్డంత బాగుంటే మీరు నడిసేల ఒచ్చినారు?"

"నాకు నడక మంచిదని డాక్టరు చెప్పాడమ్మా."

"బూట్లు సేత్తో పట్టుకోమనీ ఆయనే సెప్పినాడా?"

"కొత్త బూట్లు. అవన్నీ మీకెందుకు? రాస్తున్నాను. 'నాలుగు చక్రాల వాహనము గ్రామము వరకు నిరాటంకముగా చేరుచున్నది.' అయిపోయింది."

"రాసీసినారా? మంచిది. మరి ఎండలో మల్లీ నడిసేల ఎల్తారు? కారుందిగా. ఎక్కండి. ఈ గుంటడు దించుతాడు."

"నేనా అమ్మా?"

"నువ్వే కదా డ్రైవరువి. ఎక్కించిన దారినే దించు. ఎక్కండి బాబుగోరూ, ముందు సీట్లో ఎక్కండి. సోంబరూ, నువ్వు ఎనకాల నడు. సెయ్యి మాత్రం ఎయ్యకు. జేబులో పెట్టుకో."

"నాకు జేబు నేదత్తా."

"సేతులు కట్టుకో అయితే!"

బడి దాటి ముప్ఫై అడుగులు.

"ఏమిటి బాబూ, ఆగింది?"

"ఏం లేదు సార్. కింద కొంచెం తగిలింది."

"ఏది తగిలింది?"

"అంతా."

"ఇంకాస్త గట్టిగా తొక్కు."

"తొక్కుతున్నాను సార్."

"అత్తా, సక్రం ఎంత బాగా తిరుగుతంది! గాల్లో! తళతళా మెరుత్తంది. కారు మాత్రం ఉన్నకాడే ఉంది."

"ఆపు బాబూ, కాలిన వాసన వస్తోంది. నేను దిగిపోతాను. తలుపు రావడం లేదేమిటి?"

"గట్టు అడ్డమొచ్చింది సార్. నా వైపు బండరాయి ఉంది."

"అంటే మనిద్దరం లోపలే ఉండిపోయామా? సోములమ్మగారూ! ఎవర్నైనా పిలవండి. ఓ పదిమంది పట్టి లేపితే చాలు."

"ఏల బాబూ? నిరాటంకముగా చేరుచున్నది కదా?"

"అమ్మా, వెటకారం తరవాత. నాకు ఊపిరాడటం లేదు."

"అద్దం దించుకోండి, ఆడతాది. సోంబరూ! సెయ్యి తియ్యి!"

"నానెయ్యనేదత్తా, అదే ఎల్లిపోతంది. ఆగిపోయిన బండి కనబడితే నా సెయ్యి నా మాట ఇనదు."

"గట్టు మీద కూకో. సేతులు రెండూ కింద పెట్టి వాటి మీద కూకో. ఇప్పుడు సెప్పరా మణిదీపూ. ఇంజినీరు నీ పక్కనే ఉన్నాడు. ఎలాగొచ్చినావు పైకి?"

"మోసుకొచ్చారు సార్."

"ఏమిటీ?"

"దుంగల మీద పెట్టి మోసుకొచ్చారు. ఏడుసార్లు."

"డ్రైవ్ చేసుకుని వచ్చానన్నావు కదయ్యా!"

"మోసినంతసేపూ స్టీరింగు పట్టుకునే ఉన్నాను సార్."

"ఇన్నారా బాబుగోరూ? పద్దెనిమిది మంది బుజాల మీద ఒచ్చింది మీ నాలుగు సక్రాల వాహనము. కాయితం తియ్యండి. ఆ ముక్క కొట్టీసి, ఈ ఊరికి బండి ఎల్దు, రోడ్డు నేదు అని రాయండి. రాసినాక సోంబరుని పంపి మనుసుల్ని పిలిపిత్తాను."

"రాయలేనమ్మా."

"ఏల?"

"బండి వెళ్ళదు అనైతే రాస్తాను. దారి కొంచెం పాడైంది అని రాస్తాను. రోడ్డు లేదని మాత్రం రాయలేను."

"కళ్ళముందర నేదు కదా! ఆ రాల్ల మీదే ఇరుక్కున్నావు కదా!"

"ఉందమ్మా."

"ఎక్కడ?"

"ఫైల్లో. రెండేళ్ళ కిందటే పూర్తయింది. గెడ్డ దగ్గర్నుంచి మీ బడి దాకా. నేనే సంతకం పెట్టాను. మీ అర్జీలు చూసి పైవాళ్ళు వెళ్ళి చూడమన్నారు. ఇప్పుడు లేదని రాస్తే ముందు నన్ను ఇంటికి పంపిస్తారు. అందుకే ఈ కారు చూసి నా ప్రాణం లేచొచ్చింది."

"ఓరి దేవుడో! ఏసినట్టు ఉందా? ఎవుడేసినాడు? సూడకుండా సంతకం ఎలాగ పెట్టినావయ్యా నువ్వు? ఈ కొండెక్కినావా ఎప్పుడైనా?"

"ఎక్కలేదు. ఫోటో చూశాను. కాంట్రాక్టరు తెచ్చి ఇచ్చాడు. స్పష్టంగా ఉందమ్మా! మీ బడి బోర్డు, బోర్డు ముందర తెల్లటి కారు. కొత్త కారు, ఒక్క గీత లేదు. అలాంటి కారు ఊరి మధ్యకి వచ్చిందంటే రోడ్డు పడ్డట్టే కదా? ఎవరైనా అలాగే అనుకుంటారు."

"అబద్దం! మా ఊల్లోకి తెల్లకారు ఏనాడూ రానేదు. నాను పుట్టి బుద్దెరిగాక ఈ ఎర్రదే మొదటిది. సెప్పు సోంబరూ, ఎప్పుడైనా ఒచ్చిందా?"

"సేతులు తిమ్మిరెక్కినాయత్తా."

"సోంబరూ?"

"నువ్వు ఆ దినం సంతకెల్లినావత్తా."

"ఏటి?"

"గెడ్డ కాడ ఆగిపోనాది. పెద్దమనిషి, లావుపాటాయన, సెమటలు కక్కుతన్నాడు. కాంట్రాక్టరో ఎవుడో, మేం అడగనేదు. మీ బడి సూడాలని ఉందయ్యా, పిల్లలంటే నాకు ప్రాణం అన్నాడు. మంచోడనుకున్నాం."

"ఎత్తినారా?"

"ఎత్తినాం. బడి కాడ దించినాం. ఫోటో తీత్తానన్నాడు. మేం కూడా నిలబడి నవ్వినాం. మీరు పక్కకి తప్పుకోండి బాబూ, కారు కనబడటం నేదు అన్నాడు. తప్పుకున్నాం. అందరికీ బిస్కట్లు పంచినాడు. సీకటి పడకుండా బేగి మల్లీ కిందకి దించీసినాం."

"ఎన్నిసార్లు ఎత్తినారు?"

"అది పెద్ద కారు అత్తా. తొమ్మిది."

"మెంబరుగారూ, అంటే... నేను సంతకం పెట్టిన రోడ్డు..."

"నోరు ముయ్యండి మీరు. మీకన్నా మా మగాల మీదే నాకు మంటగా ఉంది. నాను నాలుగేళ్ళు రోడ్డు కోసం తిరిగినాను. ఈలు రోడ్డుని బుజాన పెట్టుకుని మోసుకెల్లి ఈయన ఫైల్లో పెట్టొచ్చినారు!"

"అమ్మా, మీ గొడవ మీరు తరవాత తేల్చుకోండి. మరి నా కారు? సాయంత్రానికి విజయనగరం వెళ్ళాలి. మా నాన్నకి తెలీకుండా తెచ్చాను. సోంబరన్నా, మీవోళ్ళని పిలవవా? ఒక్కసారి. ఆఖరిసారి."

"అత్తా, పాపం కదే..."

"కూకో! బాబుగోరూ, అద్దంలోంచి బయటికి రండి, నాను సెయ్యందిత్తాను. గుంటడా, నువ్వూ రా, ఏడవకు. మనిషికైతే ఈ ఊరు ఎప్పుడూ సెయ్యిత్తాది. ఆకలేత్తే అంబలి పోత్తాం, తాగి నడిసి ఎల్లండి. సక్రమున్నదానికి మాత్రం ఇంక ఈ ఊల్లో ఒక్క మగాడు బుజమెయ్యడు. ఎయ్యనివ్వను. కారు ఎక్కడ ఇరుక్కుందో అక్కడే ఉంటాది. మీ ఆఫీసుకి సెప్పండి, ఆ కాంట్రాక్టరుకి సెప్పండి, మీ నాన్నకి సెప్పు: రోడ్డెయ్యండి, తోలుకెల్లండి!"