గడ్డి మేడం పెట్టిన బోర్డు

ఆగాగు, ఆ కుండీ ఎక్కడికి పట్టుకెళ్తున్నావ్? చెత్తలోకా? ఎండిపోలేదే తల్లీ అది, పడుకుంది. నవ్వకు. మా వదిన, అదే, మీ నాన్న మేనత్త, ఈ మాటే అంటే యూనివర్సిటీ యూనివర్సిటీ అంతా నవ్వింది. నువ్వు పుట్టకముందే పోయిందిలే. అక్కడ మొక్కల పాఠాలు చెప్పేది. పిల్లలు పెట్టిన పేరు గడ్డి మేడం. ఎదురుగానే పిలిచేవాళ్లు, ఆవిడా పలికేది. ఎక్కడున్నాను? ఆ, కొత్త లైబ్రరీ. దాని ముందు స్థలంలో ఏం పెంచాలో చూడమని వదినకి అప్పగించారు. వీసీ గారు, అంటే అక్కడందరికీ పెద్దాయన, గులాబీలొస్తాయనుకున్నాడు. ఈవిడేమో ఊరి బయట గట్ల మీద ఎవరూ నాటకుండా మొలిచే పొదలూ, పిల్లితోకల్లాంటి వెన్నులు వేసే గడ్డీ తెచ్చి నాటింది. ఎందుకూ? చెప్పు చూద్దాం. రోజూ పైపైన నీళ్లు పోస్తే వేరు ఎక్కడుంటుంది? పైనే. పొయ్యకపోతే? వెతుక్కుంటూ కిందికి పోతుంది. ఒకసారి కుదురుకున్నాయా, ఇక మన మొహం చూడవు. కాకపోతే ఎండాకాలం పడుకుంటాయి. పడుకున్నదానికీ చచ్చినదానికీ తేడా తెలియాలంటే వాన పడాలి.

ఆ ఎండాకాలం లైబ్రరీ ముందు చీపుర్లు పాతినట్టు తయారైంది. "ఏమిటమ్మా ఇది? బయటినుంచి అతిథులొస్తున్నారు. రేపే పీకించేస్తాను" అన్నాడట వీసీ గారు. "వాన పడేదాకా ఆగండి సార్" అంటే, "వానని నమ్ముకుని నా పరువు తీసుకోమంటావా?" అని విసవిసా వెళ్లిపోయాడు. పిల్లల్లా పెంచుకుంది కదా, ఆ పూట ముద్ద దిగలేదు వదినకి. కంచం ముందు కూర్చుని ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. నాకు భయమేసింది. "నీ చేతిరాత బాగుంటుంది, ఒక బోర్డు రాసిపెట్టు" అంది. టీచర్ని కదా, బోర్డంటే చెయ్యి ఆగదు. రాశాను, "పాములున్నాయి, జాగ్రత్త" అని. "అబద్ధం కదా వదినా?" అంటే, "గడ్డిలోకి పాము రాదని నువ్వు హామీ ఇస్తావా?" అంది. రాత్రికి రాత్రే పట్టుకెళ్లి గడ్డిలో పాతేసింది.

పొద్దున పీకడానికొచ్చినవాళ్లు బోర్డు చూసి, పారలు భుజానేసుకుని వెనక్కి. ఆ తర్వాత వదిన చేసిందేం లేదు, అంతా జనమే చూసుకున్నారు. లైబ్రేరియన్ బుస విన్నానన్నాడు. గుమాస్తా కుబుసం చూశానన్నాడు. వీసీ గారికి ఒళ్లు మండి, "ఎక్కడయ్యా పాము?" అంటూ తనే గడ్డిలోకి దిగాడు. పక్క పచ్చికకి నీళ్లు పెట్టే రబ్బరు పైపు అక్కడే పడుంది. అప్పుడే ఎవరో కుళాయి తిప్పారు. పైపు కదిలింది. అంతే! ఒక బూటు అక్కడే వదిలేసి కారెక్కి కూర్చున్నాడు. "చూశాను! పడగ ఇంత ఉంది!" అని చేతులు బార్లా చాపాడట. వీసీ గారే చూశాక, అది పైపు సార్ అనే ధైర్యం ఎవరికుంది? బూటు కోసం వెళ్లే ధైర్యమూ లేదు.

ఈలోగా వాన పడింది. ఇక లేచాయి చూడు! ఎటు చూసినా పసుపు పూలు, వాటినిండా సీతాకోకచిలుకలు. అతిథులు ఆహా ఓహో అంటుంటే, "నా ఆలోచనేనండీ" అన్నాడు వీసీ గారు, దూరంగా నిలబడి. "రండి, దగ్గరగా చూద్దాం" అని వాళ్లు చెయ్యి పట్టుకు లాగినా కాలు కదపడే! మా వదిన దర్జాగా గడ్డిలోకి నడిచెళ్లి, బూటు పైకెత్తి, అందరి ముందూ "మీదేనా సార్?" అంది. దాంట్లో మట్టి చేరి పచ్చగా పిలకలేసింది.

ఏమన్నాడా? కాదన్నాడు.

ఎవరిదీ కాదన్నాక ఏం చేస్తుంది, ఇంటికి తెచ్చేసుకుంది. నీ చేతిలో ఉన్నది ఆ పిలకే. దించు, చెయ్యి నొప్పెట్టడం లేదూ? పాలు పొంగుతున్నట్టున్నాయి, పరిగెత్తు.