స్వయంగా పరీక్షించాం

డెట్రాయిట్‌లో పొగ అలారాలు అమ్మే ఆ కంపెనీలో, బ్లాగు రాసే అమ్మాయి పై అధికారిణి గదికి వెళ్లి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“‘ఈ ఏటి మేటి అలారాలు’ పోస్టులో మనదాన్ని మొదటి స్థానం నుంచి తీసేద్దామండీ. అది ఒక్కోసారి మోగట్లేదు.”

“రాసింది నువ్వే కదా? ‘అన్నీ స్వయంగా పరీక్షించాం’ అని కూడా రాశావు.”

“అలా రాయడం మనకి మామూలే కదండీ. నేను ఒక్క పెట్టె కూడా విప్పలేదు.”

“మీ ఇంట్లో ఏది పెట్టుకున్నావు?”

“మూడో స్థానంలో ఉన్నది.”

“మా ఇంట్లోనూ అదే. మరి ఇప్పుడెందుకు ఇంత నీతి?”

“మా అమ్మ నా పోస్టు చదివి మనదే కొనుక్కుందండీ. నిన్న వంటింట్లో మంటలొస్తే అది మోగలేదు. రెండు చేతులూ కాలాయి.”

పై అధికారిణి మెచ్చుకోలుగా తలాడించింది.

“కన్నతల్లినే నమ్మించావంటే నీ రాతకి తిరుగులేదు. పోస్టు అలాగే ఉండనీ.”