ఎమిలీ దొరసాని గిటారూ, మా విల్‌ఫ్రెడ్డూ

ఏటిరా రిచర్డూ, ఆ దుప్పట్లో సుట్టి ఏటి తెచ్చినావు? గిటారా? ఇలగియ్యి. ముందు కూకో, ఆ స్టూలు మీద కాదు, దాని కాలు ఊగుతాది. రైలు పెట్టెలు బాగుసేసే క్యారేజీ షాపులో ముప్పై ఆరేళ్ళు కర్రపని సేసినోడి ఇంట్లో స్టూలు ఊగుతాదేటని నవ్వకు. ఎవరిదిది? ప్రేమ్ బజార్లో గది తీసుకుని సదువుకున్న బెంగాలీ అబ్బాయిదా? సదువైపోయినాదా, అయితే మరి అమ్మీసి పోతాడు. పాతదే, నీ బాబుకన్నా పెద్దదేమో. కొనొచ్చా కూడదా సొలొమోను తాత సెప్తాడని మోసుకొచ్చినావు. బాగున్నాది వరస! అప్రెంటిసుకి రమ్మని రైల్వే కాయితం ఒచ్చి వారమైనాది, నువ్వేమో కలకత్తా ఎల్లి బ్యాండులో వాయిస్తానని తిరుగుతన్నావు. నాకెలగ తెలుసంటే, ఓల్డ్ సెటిల్‌మెంటు రైల్వే క్వార్టర్లలో ఎవరింట్లో ఏ కూరో కూడా నాకు తెలుసు. కూకో, సూస్తాను. నా కళ్ళజోడేదీ? ఆ, ఇక్కడే ఉన్నాది.

నన్ను ఇలగ గిటారు సూడమని అడిగినోడు నీకన్నా ముందు ఒక్కడే. విల్‌ఫ్రెడ్డు. మీ ఆలిస్ మామ్మ తమ్ముడు, నా బావమరిది. నీకు తెలవదా? నీకప్పుడు నాలుగేళ్ళు, ఒళ్ళో కూకోబెట్టుకుని తీగలు లాగనిచ్చీవోడు, నువ్వు లాగి లాగి నిద్దరోయీవోడివి. మా మావయ్య, అదే ఆడి నాన్న, డూటీలో ఉండగానే గుండాగి పోతే ఆ ఉద్యోగం ఈడికిచ్చినారు. యార్డులో ఒక వ్యాగనుకి ఇంకో వ్యాగను తగిలించే పని. ఆదివారం ఈ బెంగాలీ ఊళ్ళో మన తెలుగోళ్ళ చర్చిలో గిటారు వాయించీవోడు. ఆ చర్చి గిటారు నువ్వు సూడాల, మెడ వంకర, శ్రుతి నిలవదు. దాంతోనే ఏడిపించీవోడు అందర్నీ. ఎనభై నాలుగులో ఒక పెళ్ళికొచ్చిన కలకత్తా హోటలు బ్యాండాయన ఈడి వాయింపు ఇని, "తుమ్ ఆజాఓ, లేకిన్ అప్నా గిటార్ లానా" అన్నాడు. సొంత గిటారుంటేనే ఉద్యోగం. అది మంచిదై ఉండాల. అప్పుడు ఈడికి ఎమిలీ దొరసాని గుర్తొచ్చినాది.

దొరసాని అంటే ఆంగ్లో ఇండియనామె. మొగుడు పాత డ్రైవరు, పోయినాడు. ఆమె బెంగుళూరు కూతురి దగ్గరికి ఎలిపోతా ఇల్లంతా అమ్ముతన్నాది. వాళ్ళ నాన్న గిటారొకటి గోడకుండీది. విల్‌ఫ్రెడ్డు అడిగితే "ఆదివారం వరకూ ఎవరికీ ఇవ్వను" అన్నాదట. ఈడు నా కాడికి పరిగెత్తుకొచ్చినాడు. "బావా, నువ్వొచ్చి సూడు. నువ్వు బాగున్నాదంటే తీసుకుంటాను, బాగులేదంటే ఒదిలీస్తాను" అన్నాడు. నా మాటంటే ఆడికి అంత గురి. ఎల్లినాం. గుమ్మంలోనే దొరసాని, "సాలొమన్! జూతా బాహర్ రఖో, మ్యాన్!" అని కేకేసినాది. జోళ్ళు బయటే ఇప్పాల, ఇల్లు ఖాళీ సేసి పోతన్నా నేల మాత్రం అద్దంలాగ ఉండాల ఆవిడికి. ఆమె కూర సేస్తే... సరే, అదెందుకులే ఇప్పుడు.

సూసినాను. మెడ పొడుగునా కన్నెట్టి సూసినాను. ఎనక పలకలో జానెడు బీట. ముందు పలక కాస్త ఉబ్బినాది. వేలి కణుపుతో తట్టినాను. మా షాపులో ఒక అలవాటుండీది, సెప్తానుండు. కర్ర లోడు ఒస్తే ఒక్కో పలకా సూసి, పనికిరానిదాని మీద సుద్దతో ఇంటూ గీసీడమే. గీసినాక ఇంక దాన్నెవుడూ ముట్టడు, సాహెబొచ్చి అడిగినా ముట్టడు. ఆ గీత అర్థం సెటిల్‌మెంటు పిల్లలందరికీ తెలుసు. నా జేబులో సుద్ద ఎప్పుడూ ఉండీది. విల్‌ఫ్రెడ్డు వాయించి సూద్దారని సెయ్యి సాపినాడు. ఆ సెయ్యి ఇంకా తీగల మీదికి రాలేదు, నేను గిటారు తిప్పి ఎనకాల ఇంటూ గీసీసినాను. దొరసాని "యే క్యా కియా, మ్యాన్! మేరా డ్యాడీ కా హై!" అని, నాన్నది పాడుసేసినావని గౌను అంచుతో తుడిసినాది, కళ్ళంట నీళ్ళు పెట్టుకున్నాది. ఈడు ఆ గీతవంక సూసి, "సరే బావా" అన్నాడు. అంతే. సైకిలెక్కలేదు, నడిపించుకుంటా నా పక్కనే ఖరిదా బజారు దాకా ఒచ్చినాడు.

కలకత్తా ఎల్లలేదు. ఆ బ్యాండులో ఇంకెవుడో కుదిరినాడు. కోపమొచ్చిందా అంటే రాలేదు, ఆ క్రిస్మస్‌కి నాకు స్వెట్టరు కొన్నాడు. యార్డుకెల్లీవోడు, ఒచ్చీవోడు. చర్చిలో ఆ వంకర గిటారే వాయించీవోడు. ఎనభై ఆరు జనవరి, పొద్దున్న ఏడు గంటలు, మంచు. ఎదర మనిషి కనబడ్డం లేదు. రెండు వ్యాగన్ల మధ్యకి దిగినాడు తగిలించడానికి. బండి కాస్త ఎనక్కొచ్చినాది. కాస్తే. ఇరవై ఆరేళ్ళురా ఆడికి. పెట్టె నేనే సేసినాను, ఇంకెవుర్నీ ముట్టనివ్వలేదు. పలకలేరినప్పుడు ఒక్కోటీ తట్టి సూసినాను. సావుపెట్టెకి మోతతో ఏటి పని? అయినా తట్టినాను, మంచి మోతున్నవే ఏరినాను.

మెల్లిగా మాటాడు, మామ్మ వంటింట్లో ఉన్నాది. ఏటన్నావు, ఆ గిటారు నిజంగా బాగులేదా అనా? ఒరే, నేను కర్రపనోణ్ణి, నాకు తెలవదా? తట్టగానే ఆ మోత నా మోచేతిదాకా ఒచ్చినాది. అలాంటి కర్ర నా సర్వీసులో రెండుసార్లో మూడుసార్లో సూసినాను. బీటకి లోపల రెండు సిన్న ముక్కలేసి సరేసు జిగురు పెడితే ఒక పూట పని. ఉబ్బంటావా, తీగలు లాగితే పాత గిటారు ఉబ్బుతాది, అది తప్పు కాదు. గిటారు సూడ్డానికెల్లే ముందురోజు మీ మామ్మ అన్నం వడ్డిస్తా, "ఆడు కలకత్తా ఎలిపోతే నాన్న ఉద్యోగం పోతాది, ఆడూ పాడైపోతాడు. నీ మాటే ఇంటాడు, బాగులేదని సెప్పీయి" అన్నాది. సెప్పీసినాను. ఆడి మంచికే అనుకున్నాను. పన్నెండేళ్ళయినాది, ఆమే నేనూ ఈ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆదివారం చర్చిలో గిటారు మొదలైతే ఆమె బయటికెల్లి మెట్లమీద కూకుంటాది.

ఇలగ తిప్పు దాన్ని. ఊఁ. ఒరే రిచర్డూ, పొద్దున్న మీ యమ్మ దేవమణి ఒచ్చినాదిరా. ఇదిగో, ఈ గడప మీదే కూకున్నాది. "సిన్నాన్నా, ఆడు గిటారు తెస్తాడు, బాగులేదని సెప్పు, నీకు దండం పెడతాను" అని ఏడిసినాది. పాపం, ఆమె భయం ఆమెది. సరేలే అమ్మా అన్నాను. మాటిచ్చినాను.

కర్ర మంచిదిరా. మెడ తిన్నగున్నాది. సాలా మంచి కర్ర. ఇంక నన్నేటీ అడక్కు... దుప్పటి సరిగ్గా సుట్టు, బయట సినుకులు పడతన్నాయి.