ఈరన్న మామ ఇరవై గొర్లు

ఈరన్న ఏ ముచ్చటనూ ఎన్నడూ పెద్దగా మొదలుపెట్టడు. "నేనేమంత గొప్ప పని చెయ్యలే బిడ్డా, ఇరవై గొర్లు కొన్న, అంతే," అన్నాడు ధరూర్‌లో అక్క భాగ్యమ్మ ఇంటి అరుగు మీద చాయ్ గ్లాసు పట్టుకొని.

చాయ్ పెట్టింది భాగ్యమ్మ కూతురు కల్పన. గద్వాలలో డిగ్రీ చదువుతోంది. నెల కింద పోయిన నాయనమ్మ, చింతపండు అమ్మి కూడబెట్టిన నలభై వేలు మనవరాలి పేర రాసిపోయింది. పోస్టాఫీసులో వికాస్ పత్రాలు కొంటే ఎనిమిదేండ్ల ఏడు నెలలకు రెండింతలు. మామ ఈరన్నకిస్తే గొర్లు కొని పెంచుతాడు. ఇవ్వాళ తేల్చుకుంటానని తల్లికి చెప్పింది. పొద్దటి నుంచి ఎటూ తేలలేదు.

"మా నాయన పోయినంక నా పాలికి ఇరవై వేలొచ్చినయి. అందరు బ్యాంకుల ఎయ్యమన్నరు. నేను సీదా పెబ్బేరు సంతకు పోయి, ఏరి ఏరి వెయ్యికొకటి చొప్పున ఇరవై ఆడగొర్లు తెచ్చిన. ఆర్నెల్లకు ఒక్కొక్కటి రెండేసి పిల్లల్ని ఈనింది, ఇంకో ఆర్నెల్లకు తల్లులు ఈనినయి, పిల్లలు గూడ ఈనినయి."

"ఆర్నెల్ల పిల్ల ఈనిందా?" అన్నాడు పక్కింటి లింగస్వామి తాత. పుట్టినకాడి నుంచి గొర్లు కాసిన మనిషి.

"మేత గట్లాంటిది తాతా. మూడేండ్లకు ఎన్నైనయో తెల్సా? పధ్నాలుగు వేల పైన."

కల్పన మనసులోనే మూడింతలు చేసుకుంటూ పోయింది. అరవై, నూట ఎనభై, ఐదు వందల నలభై... ఆరో ఈతకు పధ్నాలుగు వేల ఐదు వందల ఎనభై. లెక్క తప్పలేదు. పోస్టాఫీసు రెండింతలు ఒక్కసారిగా చిన్నబోయాయి.

"ఆ తర్వాత ఏమైందో తెల్సా? మందను తోలుకొని కృష్ణ ఒడ్డెంబడి పోతుంటే ముందటి గొర్రె రాయచూర్ల మేస్తుంది, ఎనకటి గొర్రె ఇంకా మన ఊరి పొలిమేర దాటలే. నడుమల ఉన్న గొర్లు నీళ్లు తాగినయి. తాగుతే ఏటి అడుగున ఇసుక తేలింది, చేపలు నడుసుకుంట పోతున్నయి. డ్యాం కాడి ఇంజనీరు ఉరికొచ్చి, ఈరన్నగారూ, జర సగం గొర్లనన్న మూతులు కట్టుండ్రి, కరెంటు ఆగేటట్టున్నదని చేతులు పట్టుకున్నడు."

"కట్టినవా?" అంది భాగ్యమ్మ.

"సగానికి కట్టిన. పాపం, సర్కారు మనిషి."

కల్పన ఏటి సంగతి పక్కన పెట్టింది. ఆమెకు మంద సంగతి కావాలి. "మామా, అండ్ల పొట్టేళ్లెన్ని? అవి ఈనవు గద, లెక్కల నుంచి తీసెయ్యాలె."

"ఒక్కటి లేదు బిడ్డా. కూసొని తినేటియి నాకెందుకు? కొనలే, పుట్టలే. మంద మందంత ఆడియే. పక్క మందల పొట్టేలు వాసన గూడ తగలనియ్యలే."

లింగస్వామి బీడీ నేలకు రాసి ఆర్పాడు. "మరి గవన్నీ ఎవరి మొగం చూసి ఈనినయిరా?"

భాగ్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈరన్న ఖాళీ గ్లాసును రెండుసార్లు తాగాడు.

కల్పన లేచి చెప్పులు తొడుక్కుంది. "అమ్మా, పోస్టాఫీసుకు పోయొస్త."

"ఎండల నడుసుడెందుకు, బండి మీద దింపుత పా," అన్నాడు ఈరన్న. బండి తాళం తిప్పుతూ అడిగాడు. "అవునుగానీ బిడ్డా, గా పత్రాలు రెండు వేలకు గూడ ఇస్తరా?"

"వందకు గూడ ఇస్తరు మామా."

"అయితే నా ఫారం గూడ నువ్వే నింపు. నాకు తెల్వదు."